తెగిన మూల ఎడమ చేతికి

నమోదు 612

పొద్దున గేటు దగ్గర ఇద్దరు మిల్లోళ్ళను చంపాం. ఆ తర్వాత పలకలకు మేత పోశాం.

నమోదు ఈ వరసలోనే ఉండాలట, ముందు కాపలా, తర్వాత పని. ఈ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ ఒక్కపూట కూడా గేటు దగ్గర నిలబడి ఉండడు. మొదటివాడికి తూటా మెడలో దిగింది, నిలబడ్డచోటే పోయాడు. రెండోవాడు పొట్ట పట్టుకుని నాపరాళ్ళ మీద దొర్లుతూ వాళ్ళమ్మను పిలిచాడు. ఖాజాబీ కిందికి దిగి రాతిపలక ఒకటి ఎత్తి వాడి తల మీద వేసి వచ్చింది. ఆవిడ తూటాలు దండగ చేయదు. చేతులు కడుక్కుని, “శివక్కా, జొన్న గట్క అడుగంటుతున్నది, జర కలపరాదూ” అంది. కలిపాను. తిన్నాం కూడా. ముద్ద దిగదేమో అనుకున్నాను, సుబ్బరంగా దిగింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఖాజాబీ మా కాపలా పెద్ద. నేను శివలీలను, పలకల గదికి పెద్దను. తాండూరు పక్కన వదిలేసిన నాపరాయి గనిలో ఉంటాం. పైన సోలార్, కింద ఫ్రీజర్లు, చుట్టూ రాతిగోడ.

పలక అంటే బడిపిల్లల పలక కాదు. అరచెయ్యంత ప్లాస్టిక్ పళ్ళెం, నిండా చిన్న చిన్న గుంతలు, పదహారు వరసలు, వరసకు ఇరవై నాలుగు. ఒక్కో గుంతలో ఒక్కో రకం బాక్టీరియా, దాని కడుపులో అడవి కంది డీఎన్ఏ ముక్క ఒకటి. మొత్తం అడవి కందిని అలా ముక్కలు కోసి ఫ్రీజర్లలో దాచాం. దాన్నే లైబ్రరీ అంటాం. చేలల్లో కంది పోయింది, శనగ పోయింది, పెసర పోయింది. ఎండు తెగులు అన్నిటినీ వేళ్ళనుంచి తినేసింది. పప్పుపైర్లు పోయాక నేల కూడా చచ్చింది, జొన్న మోకాలెత్తు దాటడం లేదు. నిలబడింది అడవి కంది ఒక్కటే. దాన్ని నిలబెట్టిన జన్యువు ఈ గుంతల్లో ఎక్కడో ఉంది. పాత పప్పుమిల్లు కోటలోని మిల్లోళ్ళకూ అదే కావాలి. అది ఎక్కడుందో తెలిసేదాకా గేటు దగ్గర ఈ తద్దినం తప్పదు.

నమోదు 613

కాపలా: ఏమీ లేదు. నిన్నటి శవాల కోసం కుక్కలు వచ్చాయి. పూడ్చాం.

పని: దొరికింది!

నా తమ్ముడు సంగమేశ్ ఫిలిం పట్టుకుని అరుచుకుంటూ వచ్చాడు. గుంతల్లోని సరుకును సూదులతో ఒక పొర మీద అద్ది, దాని మీద వెలిగే ఎర పోసి కడుగుతాడు వాడు. మాకు కావలసిన ముక్క ఉన్నచోటే ఆ ఎర అంటుకుంటుంది. ఏళ్ళ తరబడి కడగడమే గానీ వెలగడం లేదు. ఇవాళ వెలిగింది, ఒకే ఒక్క చుక్క.

“అక్కా! సూడే! కండ్లు మంచిగ తెర్చి సూడు!”

“అరవకు, ఫిలిం మీద ఉమ్మి పడుతుంది” అన్నాను. వాడు వింటేగా! నన్ను నడుం పట్టి పైకెత్తి గిరగిరా తిప్పాడు. ఇంత వయసొచ్చినా చిన్నపిల్లాడే వెధవ. నేను కూడా నవ్వాను, ఏడ్చాను, వాడి నెత్తిన ఒకటిచ్చాను.

వాడు పుట్టాక ఈ చుట్టుపక్కల ఎవరింట్లోనూ పప్పు ఉడకలేదు. చాలాసార్లు అడిగాడు, ఇవాళ మళ్ళీ అడిగాడు. “పప్పు ఎట్లుంటదే? నిజం జెప్పు.” ఎలా చెప్పను? వేడివేడిగా ఉంటుంది, ముద్దగా ఉంటుంది, తింటే అమ్మ గుర్తొస్తుంది అన్నాను. “అయితే మొదటి గిన్నె నాకే, నీకు కూడ పెట్ట” అన్నాడు.

ఆ చుక్కకు చిరునామా ఉంటుంది. పలక నంబరు, వరస, గుంత. మాకిద్దరికే తెలుసు. ఇక్కడ రాయను.

సాయంత్రం కొత్తగా చేరిన ఆడపిల్ల ఒకతె పలకను అడ్డదిడ్డంగా పెట్టి పట్టుబడింది. నా గొంతు గని అంతా మోగింది. ప్రతి పలకకూ ఒక మూల కోసి ఉంటుంది, ఏ వైపు తల, ఏ వైపు కాళ్ళు తెలియడానికి. తెగిన మూల ఎడమ చేతికి. ఈ గదిలోకి వచ్చినవాళ్ళు ముందు నేర్చుకునే మాట ఇదే. శరణప్ప అయితే నిద్రలో కూడా కలవరించేవాడు.

ఆయన పేరు రాయక తప్పలేదు కాబట్టి రాస్తున్నాను. శరణప్ప నా మొగుడు. ఇప్పుడు మిల్లోళ్ళ దండుకు నాయకుడు. పెళ్ళయిన కొత్తలో లైబ్రరీ మొత్తానికీ ఒక నకలు సెట్ తీశాం, మేమిద్దరమే, వేరే చెయ్యి పడకుండా. అసలు పలక నా ముందు, ఖాళీ పలక ఆయన ముందు. గుంతకొక సూది ఉన్న పీటను నేను ముంచి తిప్పకుండా అందిస్తే ఆయన అద్దేవాడు. తక్కిన జంటలన్నీ పక్కపక్కన నిలబడి చేసేవి. ఈయన మాత్రం బెంచీకి అవతల నిలబడేవాడు. పక్కన నిలబడితే నీ మొహం కనబడదు అనేవాడు. పాత పప్పుమిల్లు కోటలో జనం ఆకలితో చస్తున్నారు, లైబ్రరీ వాళ్ళకిద్దాం అని తర్వాత గొడవ పడ్డాడు. మిల్లుకిస్తే తుపాకులున్నవాడికే దక్కుతుంది అన్నాను. ఆ నకలు సెట్ బండికెత్తుకుని పోయాడు. అప్పటినుంచి రెండు వైపులా పలకలున్నాయి, చిరునామా మాత్రం ఎవరికీ లేదు. దాన్ని వెతికే ఎర మా దగ్గరే ఉంది, అందుకే వాళ్ళు గేటు మీదికి వస్తారు. ఇప్పుడు మాకు దొరికింది.

నమోదు 619

కాపలా: ముగ్గురు పోయారు. సంగును పట్టుకుపోయారు.

తెగులు మట్టి కోసం వాణ్ణి నేనే పంపాను. రోజుల్లోనే పెంచే వేగం మందు మీద జన్యువు ఎక్కించిన మొలకలు తయారవుతున్నాయి, వాటిని పరీక్షించాలంటే తెగులు మడి కావాలి, చచ్చిన చేలోంచి మట్టి తేవాలి. కాగ్నా నది ఒడ్డున బస్తాలు నింపుతుంటే మీద పడ్డారు. వాడితో వెళ్ళిన ముగ్గురిలో ఇద్దరిని కత్తులతో నరికారు. మూడోవాడు పాక్కుంటూ గేటుదాకా వచ్చి, జరిగింది చెప్పి, అక్కడే పోయాడు. వాడి పేగులు వాడి చేతుల్లోనే ఉన్నాయి. ఖాజాబీ తన చున్నీ కప్పింది.

మధ్యాహ్నం మిల్లోడొకడు తెల్లగుడ్డ ఊపుతూ వచ్చి గేటు ముందు చిన్న డబ్బా పెట్టి పోయాడు. అందులో రబ్బరు గ్లౌజు వేలు. ఖాళీది కాదు. సంగు కుడిచేతి చిటికెన వేలు, ఎర మరక ఇంకా గోరు సందున ఉంది.

వైర్‌లెస్‌లో ఆయన గొంతు. ఎన్నేళ్ళయినా అదే మెత్తన.

“మట్టి బస్తాలు సూసిన లీలా. పరీక్షకు మొలక లేంది తెగులు మట్టి ఎవడు తవ్వుతడు? దొరికింది గద. చిరునామా జెప్పు. నీ తమ్ముడు నోరిప్పుతలేడు.”

“గొట్టంలో పోసి ఇస్తాను. ఆ ముక్కే ఇస్తాను. తీసుకుని వాణ్ణి వదిలెయ్.”

“గొట్టంల నువ్వేం పోస్తవో నాకేమెరుక? మా పలకలు మాకున్నయ్. మనిద్దరం జేసినయే. నంబర్ జెప్పు, సాలు.”

వెనకనుంచి సంగు అరిచాడు. “జెప్పకక్కా! నీ మీద ఒట్టు, జెప్పకు!” తర్వాత చప్పుడు, తర్వాత ఎముక విరిగిన చప్పుడు, తర్వాత వాడి అరుపు. మాటల్లేని అరుపు అది. పసిపిల్లాడిగా ఉన్నప్పుడు కూడా వాడు అలా ఏడవలేదు.

చెప్పేశాను. పలక, వరస, గుంత. మూడూ. ఒక్కటి కూడా మార్చలేదు. ఖాజాబీ నా మొహంలోకి చూసి తల దించుకుంది. ముగ్గురు చచ్చింది దేనికోసమో దాన్ని నేను మూడు మాటల్లో ఇచ్చేశాను. సిగ్గేసిందా అంటే వేయలేదు. వాడు నా తమ్ముడు.

“మా మడిల మొక్క నిలబడ్డ దినం పంపిస్త,” అన్నాడు శరణప్ప. “ఎండిందనుకో, ఏమైతదో నీకెరుకే.”

ఎందుకు ఎండుతుంది? నేను నిజం చెప్పాను.

నమోదు 626

కాపలా: మిల్లోళ్ళు రాలేదు. మొక్కలు లేచేదాకా రారు. వేరే దొంగల గుంపొకటి సోలార్ తీగల కోసం వచ్చింది. ఒకడి చెయ్యి గేటు ఇనుప రెక్కల మధ్య ఇరుక్కుంది, ఖాజాబీ గేటు మూసేసింది. తక్కినవాళ్ళు వాడి కేకలు విని పారిపోయారు. చెయ్యి మా వైపే ఉండిపోయింది.

పని: మా తెగులు మడి పచ్చగా ఉంది! ఒక్క ఆకు వాలలేదు. పక్క గాడిలో జన్యువు ఎక్కించని మొలకలు నల్లబడి పడిపోయాయి, ఇవి మాత్రం మొండికేసి నిలబడ్డాయి. వేగం మందు మీద పెంచుతున్నాం కాబట్టి పూత కూడా త్వరలోనే. మడి గట్టు మీద కూర్చుని వాటిని చూస్తూ ఉంటే ఆకలి కూడా గుర్తుకు రాలేదు.

అక్కడ కూడా ఇలాగే లేచి ఉంటాయి. అదే ముక్క, అదే మట్టి. వేలు పోతే పోయింది, తొమ్మిది వేళ్ళతో పప్పు తినలేడా ఏం? వచ్చాక ముందు నాలుగు తిట్టి తర్వాత కౌగిలించుకోవాలని అనుకున్నాను.

“మొక్క లేస్తే మిల్లోళ్ళు కూడ తింటరు గదా” అంది ఖాజాబీ, మూతి ముడుచుకుని.

“తిననీ. తిని చావనీ. సంగు వస్తే చాలు.”

నమోదు 633

కాపలా: వైర్‌లెస్ మోగింది. ఇది తప్ప ఇంకేం రాయలేను.

“ఎండినయ్,” అన్నాడు. “అన్నీ ఎండినయ్ లీలా. మా తాన పిల్లలు మడి సుట్టూ కూసోని పూతకొస్తదని ఎదురుసూసిండ్రు. ఆ పిల్లల మొహం నేనెట్ల సూడాలె?”

“ఎండవు. మావి పచ్చగా ఉన్నాయి. నువ్వే వచ్చి చూడు!”

అన్న తర్వాత గానీ తెలియలేదు నేనేం అన్నానో.

“నీయి పచ్చగున్నయి. మాయి ఎండినయి.” అన్నాడు, ఒక్కో మాటా విడదీసి. “ఇంక నువ్వేం జెప్పనవసరం లేదు. పొద్దుగాల మీ గేట్ కాడికి తోలుకొస్త వాణ్ణి.”

అరిచాను, ప్రమాణాలు చేశాను, బతిమాలాను, బూతులు తిట్టాను. అవతల ఎవరూ లేరు. చెప్పిన చిరునామాను నూరుసార్లు తిప్పి చూసుకున్నాను. పలక అదే. వరస అదే. గుంత అదే. నిజం చెప్తే మొక్క ఎలా చస్తుంది?

నమోదు 634

కాపలా సంగతి, పని సంగతి కలిపే రాస్తున్నాను. ఇవాళ్టికి నియమాన్ని గంగలో కలపండి.

తెల్లారగానే ఖాజాబీ అంది, “గేట్ పోతే గది పోతది. ఆ ఒక్క పలకకైనా ఇంకో నకలు తియ్యక్కా, నేను పట్టుకొని గని ఎనకనుంచి పోత.” మంచి మాటే. బెంచీ దగ్గరికి వచ్చాం. తలుపు మీద కన్నుండాలని తను అవతలి వైపు నిలబడింది, భుజాన తుపాకీ. నేను ఇవతల. అలవాటు కొద్దీ కసిరాను. “తెగిన మూల ఎడమ చేతికి!” సరేనంటూ తన ఖాళీ పలకను సర్దుకుంది. నేను సూదుల పీటను మంట మీద కాల్చి, చల్లార్చి, అసలు పలకలో ముంచి, నేరుగా అవతలికి చాపాను.

చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నా పలక తెగిన మూల ఈ కొసన. ఆవిడ పలక తెగిన మూల ఆ కొసన.

“మూల ఎక్కడ పెట్టావే?” అన్నాను.

“ఎడమ చేతికే పెట్టిన గద?” అంది, చెయ్యెత్తి చూపిస్తూ.

ఎడమ చెయ్యే. ఆవిడ ఎడమ చెయ్యి. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెయ్యి నాకు కుడి వైపు కదా! నా మొదటి గుంతలోది ఆవిడ చివరి గుంతలో పడుతుంది. చివరిది మొదటి దాంట్లో. పలక మొత్తం తలకిందులు. మేమిద్దరం తీసిన నకలు సెట్ మొత్తం, ఒక్క పలక వదలకుండా, తలకిందులు. ఇద్దరం నియమం తప్పలేదు. ఎదురెదురుగా నిలబడ్డాం, అంతే.

నేను చెప్పింది నిజమే. వాళ్ళ పలకలో మాత్రం అది అబద్ధం.

సూదుల పీట అక్కడే పారేసి పరిగెత్తాను. మెట్ల మీద మోకాలు చీరుకుంది. గేటు బురుజెక్కి మైకు లాక్కునేసరికి వాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. సంగు మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి, మొహం ఉబ్బి ఒక కన్ను మూసుకుపోయింది. వెనకే శరణప్ప, వాడి తల మీద పిస్తోలు.

పెళ్ళయ్యాక ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు నేను. ఇవాళ గొంతు చించుకుని పిలిచాను. “శరణప్పా! పలక తిప్పు! మీ పలకలు తిరగబడి ఉన్నాయి! తిప్పి చదువు!”

ఆయన తలెత్తాడు. ఎండ కళ్ళలో పడి మొహం చిట్లించాడు.

“మొన్న ఒకటి జెప్పినవ్,” అన్నాడు. “ఇయ్యాల ఇంకోటి జెప్తున్నవ్. మల్ల మడి ఏసుకొమ్మంటవ్. మల్ల ఎండుతది.”

“మనం ఎదురెదురుగా నిలబడ్డాం! గుర్తు చేసుకో, బెంచీకి చెరో వైపు...”

సంగు నా మాట విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ ఒక్క కన్ను ఇంత పెద్దదైంది. పలకల మనిషి వాడు, వాడికి క్షణం పట్టలేదు. మెడ తిప్పి పైకి చూస్తూ నవ్వబోయాడు. “బావా, అక్క అబద్ధం జెప్పది. అరే, నిజంగనే తిరగబడ్డదయ్యా...”

శరణప్ప కాల్చాడు.

సంగు ముందుకు పడ్డాడు. నాపరాళ్ళ మీద. ఆ తర్వాత నేను ఏం అరిచానో నాకు తెలియదు. ఖాజాబీ మనుషులు గోడ మీదనుంచి నాటు బాంబులు వేశారు. పొగ, రాతి పెచ్చులు, వాళ్ళ గుర్రం ఒకటి పొట్ట చీలి తిరుగుతూ ఉంది. నేను కూడా కాల్చాను. ఎవరికి తగిలిందో చూడలేదు, తూటాలు అయ్యేదాకా కాల్చాను. వాళ్ళలో చాలామంది అక్కడే పడ్డారు. మా గోడ మీదనుంచి నలుగురు పడ్డారు. శరణప్పకు తొడలో తగిలింది. ఖాజాబీ ఆయన్ని జుట్టు పట్టి లోపలికి ఈడ్చుకొచ్చింది.

“ఈణ్ణి నేను సంపుతా, నువ్వు సంపుతవా?” అని అడిగింది.

“ముందు బెంచీ దగ్గరికి తీసుకురా” అన్నాను.

నమోదు 635

నిన్నటిదే, మిగిలింది. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

తొడకు గుడ్డ కట్టి బెంచీకి అవతల నిలబెట్టాం. రక్తం బూటులోకి కారుతూ ఉంది. ఆయన ముందు ఒక ఖాళీ పలక పెట్టాను. నా ముందు ఒకటి పెట్టుకున్నాను.

“సర్దుకో” అన్నాను.

నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా చేతులకు అలవాటు పోలేదు. బొటనవేలితో మూల తడిమి పలకను తిప్పి ఎడమ చేతి వైపు పెట్టాడు. నేను నాదీ పెట్టాను, నా ఎడమ వైపు. ఖాళీ సూదుల పీటను నా పలక మీదనుంచి ఎత్తి ఆయన పలక మీదికి మెల్లగా తీసుకెళ్ళాను. దించలేదు. మధ్యలో పట్టుకుని నిలబడ్డాను.

ఆయన ఒక మూల చూశాడు. రెండో మూల చూశాడు. వేలు పెట్టి ఈ పలకనుంచి ఆ పలకకు గాల్లో గీత గీశాడు. ఇంకోసారి గీశాడు. పెదాలు పాలిపోయాయి. రక్తం పోయినందుకు కాదు అది, నాకు తెలుసు.

“అన్నీ గిట్లనేనా?” అన్నాడు.

“మనిద్దరం చేసినవన్నీ.”

బెంచీ అంచు పట్టుకుని వంగిపోయాడు. “వాడు నిజమే అన్నడు,” అన్నాడు. “బావా అన్నడు. నేను ఇననే లేదు.” తర్వాత తలెత్తి నా కళ్ళలోకి చూశాడు. పెళ్ళయిన కొత్తలో చూసినట్టే చూశాడు.

“నీ మొహం కనబడాల్నని...”

ఆ మాట పూర్తి కాకముందే కాల్చాను. పూర్తి కానిస్తే కాల్చలేకపోయేదాన్నేమో.

బెంచీ కడిగాం. రక్తం చాలా లోపలికి ఇంకింది, నాపరాయి తొందరగా వదలదు.

నమోదు 636

కాపలా: సంగును మడి గట్టున పూడ్చాం. శరణప్పను వాడికి దూరంగా, గోడ అవతల పూడ్చాం. ఎందుకు పూడ్చడం, కుక్కలకు వదిలెయ్యి అంది ఖాజాబీ. నేను ఒప్పుకోలేదు.

పని: పొద్దున వైర్‌లెస్ అందరికీ వినబడే ఫ్రీక్వెన్సీ మీద పెట్టాను. “ఏం జేస్తున్నవక్కా, మనోళ్ళు సచ్చింది గీ నంబర్ కొరకే గద!” అని ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది. అందుకే చెప్తున్నాను అన్నాను. దాచిన దాని కోసమే చచ్చారు, చంపారు. ఇంకా దాస్తే ఇంకొకడి తమ్ముడు గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. నా వల్ల కాదు.

చెప్పాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, చెరపడానికి వీల్లేకుండా. నలభై ఒకటో పలక, మూడో వరస, ఏడో గుంత. మీ దగ్గరున్నది శరణప్ప తీసుకెళ్ళిన నకలైతే అదే పలక, పద్నాలుగో వరస, పద్దెనిమిదో గుంత. పలక తిప్పి లెక్కపెట్టుకోండి, తెలుస్తుంది.

తర్వాత మిల్లు వైపునుంచి ఒక ముసలావిడ గొంతు వచ్చింది. “తిప్పినం బిడ్డా. ఈసారి లేస్తదా?”

“లేస్తుంది” అన్నాను. ఇంతకు ముందు కూడా నిజమే చెప్పాను నేను, అయినా ఈసారి ఫిలిం తీసి ఆ చుక్కను మళ్ళీ లెక్కపెట్టుకున్నాను.

మడిలో పూత వచ్చింది. కాయ పడ్డాక మొదటి గిన్నె ఎవరికని ఇక్కడ ఎవరూ అడగడం లేదు, అడిగితే నేనేం చేస్తానో వాళ్ళకు తెలుసు.

పలకల గదికి కొత్త నియమం, ఈ రోజునుంచి: బెంచీకి ఒకే వైపు, పక్కపక్కన నిలబడి పని చేయాలి. ఎవరూ ఎదురెదురుగా నిలబడి పలక ముట్టుకోకూడదు. మొహాలు చూసుకోవాలని ఉంటే పని అయ్యాక బయటికెళ్ళి చూసుకోండి.